మళ్లీ నడిపితే పాసైన టెస్టు: కంపైలర్ బిల్డులో దాగిన ఇన్‌పుట్‌ కోసం వెతుకులాట

ప్రోగ్రామర్ రాసిన సోర్సును మెషిన్ నడిపే కోడుగా మార్చే జీసీసీ కంపైలర్ తనకు తానే కుప్పకూలినప్పుడు ఒక్కోసారి ఒక వాక్యం చూపిస్తుంది. తెలుగులో చెప్పుకుంటే దాని భావం ఇది: "ఈ లోపం మళ్లీ రావడం లేదు, కాబట్టి బహుశా హార్డ్‌వేర్‌లోనో ఆపరేటింగ్ సిస్టమ్‌లోనో సమస్య ఉండొచ్చు." ఇది ఊహించి అన్న మాట కాదు. 'రిపోర్ట్ బగ్' అనే ఆప్షన్ పెట్టి ఉంటే (కొన్ని లైనక్స్ డిస్ట్రోలు దాన్ని ముందే పెట్టి ఇస్తాయి) జీసీసీ తాను పడిపోయిన ఫైలునే, అవే ఆప్షన్లతో, మూడుసార్ల దాకా మళ్లీ కంపైల్ చేసి చూసుకుంటుంది. ప్రతిసారీ ఒకే తీరుగా పడిపోతే బగ్ రిపోర్టుకు జతచేయమని ఒక ఫైలు తయారుచేసి ఇస్తుంది. తీరు మారితే పై వాక్యం చూపిస్తుంది.

అదే సోర్సు, అవే ఆప్షన్లు, అదే కంపైలర్ అయితే అదే కోడు రావాలి. కంపైలర్ రాసేవాళ్లు నిలబడే నేల ఇదే. రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వస్తోందంటే మనం ఇవ్వని ఇన్‌పుట్ ఇంకేదో లోపలికి పోతోందని అర్థం. అది ర్యామ్‌లో తిరగబడిన ఒక బిట్ కావచ్చు. ఆ క్షణానికి ఎంత మెమరీ మిగిలిందన్నది కావచ్చు. పనులు ఏ వరసలో పూర్తయ్యాయన్నది కావచ్చు. కెర్నెల్ ఈసారి ప్రోగ్రామును ఏ అడ్రసులో కూర్చోబెట్టిందన్నది కావచ్చు. "మళ్లీ నడిపితే పాసైందిగా" అని వదిలేసేవాళ్లు ఈ దాగిన ఇన్‌పుట్‌ను అక్కడే వదిలేసి పోతున్నారు. ఆ తర్వాత అది ఇంకొకరి ప్రోగ్రాములో తప్పుడు కోడుగా తేలుతుంది.

కావలి, ఒంగోలు, నెల్లూరు వైపు ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎల్ఎల్‌వీఎం, జీసీసీ లాంటి కంపైలర్లను సోర్సు నుంచి బిల్డు చేసే పిల్లలు బాగా కనపడుతున్నారు. ఫైనలియర్ ప్రాజెక్టుకని కొందరు, ఓపెన్ సోర్సుకు ఒక ప్యాచ్ పంపాలని కొందరు. చేతిలో ఉండేది 8 జీబీ ర్యామ్ లాప్‌టాపో, విడిభాగాలు కొని కట్టుకున్న డెస్క్‌టాపో. "ఏందన్నా ఇది, రాత్రి ఫెయిలైంది పొద్దున పాసైంది, ఇప్పుడేమో ఇంకోటి ఫెయిలైంది" అని అడుగుతుంటారు. దానికి నేను ముందు అడిగేది ఒకటే. ఫెయిలయ్యేది ప్రతిసారీ అదే టెస్టా, వేరువేరు టెస్టులా?

కంపైలర్ టెస్టులు సంఖ్యలో చాలా ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్నకు అంత విలువ. జీసీసీలో సీ, సీ ప్లస్ ప్లస్ టెస్టుల ఫలితాలు కలిపితేనే లక్షల్లో ఉంటాయి. ఒక్కో టెస్టు తన తప్పేమీ లేకుండా ఫెయిలయ్యే అవకాశం లక్షలో ఒకటే అనుకోండి. రెండు లక్షల టెస్టులు నడిపితే సగటున రెండు ఫెయిలవుతాయి. ఒక్కటి కూడా ఫెయిల్ కాకుండా బయటపడే అవకాశం నూటికి 13, 14 పాళ్లే. పైగా ఆ రెండూ ఈసారి ఇవి, మరోసారి అవి. లోపం ఒక టెస్టులో ఉంటే అది ఆ టెస్టును అంటిపెట్టుకునే ఉంటుంది, ఎప్పుడొచ్చినా అక్కడే వస్తుంది. లోపం యంత్రంలో ఉంటే ఆ క్షణాన ఏ టెస్టు నడుస్తుంటే దాని మీద పడుతుంది. వేరువేరు టెస్టులైతే ముందు యంత్రాన్ని చూడాలి. అదే టెస్టైతే టెస్టునూ కంపైలర్‌నూ చూడాలి.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మొదటి రన్ రికార్డు చేతిలో ఉండాలి. జీసీసీ టెస్టులను నడిపే డెజాగ్ను ఫలితాలను 'సమ్' ఫైల్లోనూ, వివరాలను 'లాగ్' ఫైల్లోనూ రాస్తుంది. టెస్టులను మొదలుపెట్టే 'మేక్ చెక్' కమాండు మళ్లీ కొట్టగానే పాతవాటి మీదే కొత్తవి రాసేస్తుంది. ఫెయిల్ కనపడగానే మన చెయ్యి మళ్లీ నడపడానికే పోతుంది, ఆ ఒక్క ఎంటర్‌తో సాక్ష్యం మాయమవుతుంది. ముందు ఆ రెండు ఫైళ్లనూ తేదీ, టైము పేరుతో వేరే ఫోల్డర్లోకి కాపీ చేసుకోవాలి. జీసీసీ సోర్సులోనే 'కాంట్రిబ్' ఫోల్డర్లో రెండు రన్‌లను పోల్చి తేడాలు చెప్పే 'కంపేర్ టెస్ట్స్' అనే స్క్రిప్టుంది. ఫెయిలవుతుందని ముందే తెలిసిన టెస్టులు 'ఎక్స్‌ఫెయిల్' అని విడిగా వస్తాయి. వాటిని చూసి కంగారుపడక్కర్లేదు.

యంత్రం వైపు

అన్నిటికంటే ఎక్కువగా కనపడేది, అన్నిటికంటే తేలిగ్గా తేలేది మెమరీ చాలకపోవడం. బిల్డు పనులను నడిపే నింజా అనే టూలు తనంతట తాను ఎన్ని పనులు ఒకేసారి పెట్టాలో కోర్ల సంఖ్యను బట్టి నిర్ణయించుకుంటుంది. 8 కోర్లుంటే 10 పనులు పెడుతుంది. ర్యామ్ ఎంతుందో అది చూడదు. ఎల్ఎల్‌వీఎంను డీబగ్ బిల్డు పెడితే ఒక్కో లింకు పనే (కంపైలైన ముక్కలను ఒక ప్రోగ్రాముగా కలపడం) కొన్ని జీబీలు తింటుంది. అలాంటివి నాలుగు ఒకేసారి పడితే 8 జీబీ లాప్‌టాపులో లైనక్స్ కెర్నెల్ ఒకదాన్ని చంపి మిగతావాటిని బతికిస్తుంది. చచ్చింది కంపైలర్ ప్రాసెస్ అయితే కొత్త జీసీసీలో తెరమీద 'ఫేటల్ ఎర్రర్' పక్కన 'కిల్డ్' అని వస్తుంది; పాతవాటిలో 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్' అని వచ్చి, పక్కన 'కిల్డ్' అని ఉంటుంది. మొదటి మూడు మాటలు చదివి కంపైలర్లో బగ్ దొరికిందని సంబరపడేవాళ్లున్నారు. చూడాల్సింది ఆ 'కిల్డ్' అన్న మాటను. 'డీమెసేజ్' కమాండు కొడితే కెర్నెల్ ఏ ప్రాసెస్‌ను చంపిందో పేరుతో సహా చెబుతుంది. ఎల్ఎల్‌వీఎంలో లింకు పనుల సంఖ్యను విడిగా తగ్గించే సీమేక్ సెట్టింగు ఉంది, దాన్ని 1కి పెట్టుకోవచ్చు. డీబగ్ బదులు రిలీజ్ బిల్డు పెట్టుకుని, అసర్షన్లు (కోడులోని తనిఖీలు) మాత్రం ఆన్ చేసుకోవచ్చు. డిస్కులో ఖాళీ ఎంతుందో కూడా చూసుకోవాలి. ఎల్ఎల్‌వీఎం, క్లాంగ్ పూర్తి డీబగ్ బిల్డుకు 15 నుంచి 20 జీబీ దాకా పడుతుందని వాళ్ల డాక్యుమెంటే చెబుతుంది. తాత్కాలిక ఫైళ్ల ఫోల్డరు ర్యామ్‌లోనే ఉండే రకమైతే, డిస్కు నిండటమూ మెమరీ అయిపోవడమూ ఒకటే అవుతాయి.

రెండోది ర్యామ్ చెడిపోవడం. 1990లలో లైనక్స్ కెర్నెల్ కంపైల్ చేస్తుంటే జీసీసీ 'సిగ్నల్ 11' అని ఎక్కడపడితే అక్కడ ఆగిపోయేది. చాలాసార్లు దోషం జీసీసీది కాదు, మెమరీ చిప్పులది. కంపైలర్ పాయింటర్లతో నిండిన పెద్ద పెద్ద డేటాను గంటల తరబడి తిరగేస్తుంది. ఒక్క బిట్ తిరగబడితే ఒక పాయింటర్ ఎక్కడికో చూపిస్తుంది, ప్రోగ్రాము అక్కడికక్కడే పడిపోతుంది. సినిమా చూస్తున్నప్పుడు అదే బిట్ తిరగబడితే ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరూ గమనించరు. మిగతా పనులన్నీ బాగానే నడుస్తున్నాయి కాబట్టి ర్యామ్ బాగుందనడం ఇందుకే చెల్లదు. పడిపోయిన చోటు ప్రతిసారీ మారుతుంటే, ఒకసారి పార్సర్లో, ఒకసారి రిజిస్టర్ల కేటాయింపులో, ఒకసారి లింకర్లో అయితే, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడవనివ్వండి. బయోస్‌లో ఎక్స్ఎంపీ ప్రొఫైల్ పెట్టి ర్యామ్ వేగం పెంచుకుని ఉంటే ముందు దాన్ని తీసేసి చూడండి. మనవైపు కంప్యూటర్ షాపులో ర్యామ్ ఊడదీసి పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెడతారు. సముద్రపు గాలికి చెమ్మ, ఉప్పు పట్టే ఊళ్లలో అది పనికొచ్చే వైద్యమే. అయితే ఆ తర్వాత కూడా మెమ్‌టెస్ట్ నడిపి రూఢి చేసుకోవాలి.

ప్రాసెసరే దోషి అయిన సందర్భాలూ ఉన్నాయి. 2017లో ఏఎండీ రైజెన్ తొలి చిప్పుల్లో కొన్నిటి మీద లైనక్స్‌లో జీసీసీని అన్ని కోర్ల మీదా గంటలపాటు నడిపితే కంపైలర్ ప్రాసెస్‌లు ఉన్నట్టుండి సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోయేవి. ఆ సంస్థ ఆగస్టులో సమస్యను ఒప్పుకుని, ఇబ్బంది వచ్చినవాళ్లకు చిప్పులు మార్చి ఇచ్చింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల కాలక్రమేణా అస్థిరంగా మారుతున్నాయని తేలింది. మైక్రోకోడ్ అప్‌డేట్లు వచ్చాయి, వారంటీని రెండేళ్లు పొడిగించారు. అలాంటి చిప్పున్న మెషిన్‌లో బయోస్ కొత్తది వేసుకోకుండా టెస్టు ఫలితాల గురించి వాదించుకోవడం దండగ.

ఇక మన ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఒంగోలులో, నెల్లూరులో మే నెల మధ్యాహ్నాలు 44, 45 డిగ్రీలకు పోతాయి. ఏసీ లేని గదిలో లాప్‌టాప్ మీద అన్ని కోర్లూ నిండుగా నడిపితే చిప్ 95, 100 డిగ్రీల దగ్గరకు చేరి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే టెస్టు తప్పవదు, ఆలస్యమవుతుంది. కానీ డెజాగ్ను ఒక్కో ప్రోగ్రాముకు మామూలుగా 300 సెకన్లు గడువిస్తుంది. గడువు దాటితే 'ప్రోగ్రామ్ టైమ్డ్ అవుట్' అని ఒక హెచ్చరిక రాసి టెస్టును ఫెయిల్ కింద వేస్తుంది. ఎండ టెస్టు ఫలితంగా మారే దారి ఇదే. లాగ్‌లో ఫెయిల్‌కు ముందున్న ఆ హెచ్చరికను చదవకుండా టెస్టు కోడులో వెతికితే రోజంతా పోతుంది. 'సెన్సర్స్' కమాండు ఇచ్చే ఉష్ణోగ్రతనూ, సిస్టమ్ లోడునూ నిమిషానికోసారి ఒక ఫైల్లో రాసుకునే చిన్న స్క్రిప్టు పెట్టుకోండి. ఫెయిలైన టైము పక్కన ఈ అంకెలు పెడితే చాలావరకు కథ అక్కడే తెలిసిపోతుంది. రాత్రిపూట, సగం కోర్లతో నడిపినప్పుడు ఆ ఫెయిళ్లు పోతే దాగిన ఇన్‌పుట్ పట్టే సమయమేనని తేలినట్టు.

కరెంటు కోత గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. బిల్డు మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ లేక డెస్క్‌టాప్ ఆగిపోయిందనుకోండి. అప్పుడు రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైలు (కంపైలైన ఒక ముక్క) పేరు, టైముముద్ర డిస్కుకు చేరి, లోపలి సరుకు చేరకుండానే ఉండిపోవచ్చు. కరెంటొచ్చాక మళ్లీ మేక్ కొడితే, ఫైలుంది, సోర్సు కంటే కొత్తది, అంటే పనైపోయిందనుకుని మేక్ ముందుకు పోతుంది. ఫైలు పూర్తిగా ఖాళీ అయితే లింకర్ గుర్తుపట్టి ఆగుతుంది, అది అదృష్టం. సగం పాడైన ఫైలు ఏదో ఒక లైబ్రరీలో కలిసిపోతే కంపైలర్ నడుస్తూనే ఎక్కడో తేడా చేస్తుంది. కోత తర్వాత సున్నా సైజు ఫైళ్లను 'ఫైండ్'తో వెతికి తీసేయడం కనీసపు పని. ఫెయిళ్ల మీద విచారణ చేయాలనుకుంటే మాత్రం బిల్డు ఫోల్డరు మొత్తం తీసేసి మొదటినుంచి కట్టండి. గంటలు పడతాయని తెలుసు. అనుమానమున్న బిల్డు మీద వెతకడానికి అంతకంటే ఎక్కువ గంటలు పడతాయి.

అదే టెస్టు, అప్పుడప్పుడు

యంత్రం మీద అనుమానం తీరాక అసలు పని మొదలవుతుంది. ఒకే టెస్టు ఇరవైకి ఒకసారి ఫెయిలవుతోంది. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. కంపైలర్ ఇచ్చే కోడే మారుతోందా, లేక కోడు ఒకటే అయినా దాన్ని నడిపినప్పుడు ఫలితం మారుతోందా?

తేల్చడం కష్టం కాదు. లాగ్‌లో ఆ టెస్టును కంపైల్ చేసిన కమాండు మొత్తం ఉంటుంది. దాన్ని తీసుకుని ఒక లూపులో కొన్ని వందలసార్లు నడపండి. ప్రతి అవుట్‌పుట్‌కూ ఎండీ5 సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, వరసపెట్టి, ఒకే రకంవి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అన్నీ ఒకటే అయితే ఆ టెస్టు విషయంలో కంపైలర్ నిర్దోషి అని దాదాపుగా చెప్పొచ్చు. రెండు రకాలొస్తే ఆ రెండింటినీ దాచుకోండి, అవే మీ ఆస్తి. ఒక జాగ్రత్త: కొన్ని సింబల్ పేర్ల కోసం జీసీసీ కావాలనే యాదృచ్ఛిక సంఖ్యలు వాడుతుంది. 'ఎఫ్ రాండమ్ సీడ్' ఆప్షన్‌తో వాటిని స్థిరపరచుకున్నాకే పోల్చాలి. సోర్సులో తేదీ, టైము మాక్రోలుంటే అవీ తేడా చూపిస్తాయి.

ఆ రెండు ఫైళ్లనూ 'సీఎంపీ' కమాండుతో, ఎల్ ఆప్షన్ పెట్టి పోల్చితే తేడా ఉన్న ప్రతి బైటునూ చూపిస్తుంది. మొత్తం ఫైల్లో ఒక్క బైటే తేడా, అదీ ఒక్క బిట్ దూరంలో (65 ఉండాల్సిన చోట 97 లాగా; సీఎంపీ వీటిని ఆక్టల్ అంకెల్లో 101, 141 అని చూపిస్తుంది) ఉంటే మళ్లీ ర్యామ్ దగ్గరకు పోవాల్సిందే. కంపైలర్ చేసే తేడా అలా ఉండదు. రెండు ఇన్‌స్ట్రక్షన్లు చోటు మార్చుకుంటాయి, ఒక చరరాశికి వేరే రిజిస్టర్ (ప్రాసెసర్లోని చిన్న నిల్వ చోటు) వస్తుంది, లేబుళ్ల అంకెలు జరుగుతాయి. తేడా రూపమే దోషి ఎవరో చెబుతుంది.

కంపైలర్లో ఇలాంటి తేడా ఎక్కడినుంచి పుడుతుందో వివరంగా చెప్పుకోవాలి. ఆప్టిమైజర్ కొన్ని చరరాశులను ఒక సెట్‌లో పెట్టుకుని ఒక్కోదాన్నీ చూసుకుంటూ పోతుందనుకుందాం. ఆ సెట్‌కు తాళంచెవి చరరాశి పేరు కాదు, దాని పాయింటర్, అంటే మెమరీలో అది కూర్చున్న అడ్రసు. సెట్‌లో తిరిగే వరస ఆ అడ్రసుల మీద ఆధారపడుతుంది. లైనక్స్‌లో భద్రత కోసం ఏఎస్ఎల్ఆర్ అనే పద్ధతి ఉంది, ప్రోగ్రామును నడిపిన ప్రతిసారీ అడ్రసులను అటూ ఇటూ జరుపుతుంది. ఈసారి ముందొచ్చిన చరరాశికి మంచి రిజిస్టర్ దక్కుతుంది, మరోసారి వెనకబడినదానికి దక్కదు. రెండు కోడ్లూ సరైనవే కావచ్చు. అయినా ఫలానా ఇన్‌స్ట్రక్షన్ ఫలానా వరసలో ఉందా అని చూసే టెస్టు ఒకసారి పాసై ఒకసారి ఫెయిలవుతుంది. రెండిట్లో ఒకటి తప్పుడు కోడు కూడా కావచ్చు. అప్పుడు ఆ టెస్టును 'అదంతే, అప్పుడప్పుడు ఫెయిలవుతుంది' అని పక్కన పెట్టడం నిజమైన బగ్‌ను చేతులారా దాచిపెట్టడమే.

జీసీసీ తనను తాను కట్టుకునే పద్ధతే దీనికి పెద్ద పరీక్ష. మీ దగ్గరున్న కంపైలర్‌తో మొదటి దశ జీసీసీ, దానితో రెండో దశ, రెండోదానితో మూడో దశ. రెండు, మూడు దశల ఆబ్జెక్ట్ ఫైళ్లు ఒకేలా ఉండాలి. లేకపోతే 'బూట్‌స్ట్రాప్ కంపారిజన్ ఫెయిల్యూర్' అని బిల్డు ఆగిపోతుంది. ఆ ఫెయిల్యూర్ వచ్చి, మళ్లీ కడితే రాకపోతే, ఊపిరి పీల్చుకోకండి. వేరే టెస్టులన్నీ పాసైనా సరే అది వెతకాల్సిన విషయమే.

సార్టింగ్ కూడా ఇదే జాతి సమస్య. సమానమైన రెండు అంశాల్లో ఏది ముందుండాలో చెప్పకపోతే ఒక్కో సీ లైబ్రరీ ఒక్కోలా పెడుతుంది. అందుకే జీసీసీ 9వ వెర్షన్ నుంచి తన సొంత సార్టు వాడుతోంది. ఎల్ఎల్‌వీఎం ఇంకో దారి పట్టింది. 'ఎక్స్‌పెన్సివ్ చెక్స్' పెట్టి కడితే సార్టు చేసే ముందు కావాలని కలిపేస్తుంది, వరస మీద ఆధారపడిన కోడు అక్కడే బయటపడేలా.

కట్టేసి చూడటం, కుదిపి చూడటం

దాగిన ఇన్‌పుట్ ఫలానాదని అనుమానం వచ్చాక చేయాల్సినవి రెండు. ఒకటి, దాన్ని కదలకుండా కట్టేయడం. 'సెట్‌ఆర్క్' కమాండును ఆర్ ఆప్షన్‌తో వాడితే ఆ ప్రోగ్రాముకు ఏఎస్ఎల్ఆర్ ఉండదు. అలా వందలసార్లు నడిపినా ఫలితం మారకపోతే, అది తీసేయగానే మళ్లీ మారుతుంటే, అడ్రసులే కారణమని తేలింది. ఒకే పని చొప్పున నడిపితే ఫెయిల్ పోతే కారణం వరసో, లోడో.

కట్టేయడం నిర్ధారణకే, మందు కాదు. ఒక విచిత్రం చాలామందిని తిప్పలు పెడుతుంది: బగ్ పట్టుకుందామని జీడీబీ అనే డీబగ్గర్లో పెడితే బగ్ రాదు. జీడీబీ తాను నడిపే ప్రోగ్రాముకు ఏఎస్ఎల్ఆర్‌ను తనంతట తానే ఆపేస్తుంది, కారణం అదే. అక్కడ యాదృచ్ఛిక అడ్రసులు కావాలంటే 'డిజేబుల్ రాండమైజేషన్' సెట్టింగును ఆఫ్ చేయాలి.

రెండోది కుదపడం, నాకు ఎక్కువ ఇష్టమైన పద్ధతి. అప్పుడప్పుడొచ్చే ఫెయిల్‌ను ఎప్పుడూ వచ్చేలా చేస్తే సగం పనైనట్టే. ఎల్ఎల్‌వీఎంలో 'రివర్స్ ఇటరేషన్' అనే బిల్డు సెట్టింగు ఉంది. పాయింటర్ల సెట్లలో తిరిగే వరసను తలకిందులు చేస్తుంది. మామూలు బిల్డులో పాసై ఇందులో ఫెయిలైన టెస్టు వరస మీద ఆధారపడిన కోడును నేరుగా చూపిస్తుంది. మందు తెలిసిందే: మ్యాప్ వెక్టర్, సెట్ వెక్టర్ లాంటి చేర్చిన వరసను గుర్తుంచుకునే నిర్మాణాలు వాడటం. విలువ పెట్టకుండా వాడిన మెమరీ మీద అనుమానముంటే లైనక్స్ సీ లైబ్రరీ అయిన గ్లిబ్‌సీలో 'మాలాక్ పెర్టర్బ్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. ఇచ్చిన, వెనక్కి తీసుకున్న మెమరీని చెత్త విలువతో నింపుతుంది. అదృష్టవశాత్తు సున్నా దొరికి నడిచిపోతున్న కోడు అక్కడికక్కడే పడుతుంది. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ నెమ్మదిగానైనా ఏ లైనులో జరిగిందో చెబుతుంది. జీసీసీకి సొంత చెత్తసేకరణ (వాడుక అయిపోయిన మెమరీని ఖాళీ చేసుకోవడం) ఉంది. అది ఎప్పుడు జరగాలో మెషిన్ మెమరీని, దానికి పెట్టిన పరిమితులను చూసి నిర్ణయించుకుంటుంది. ఇంకా వాడుకలో ఉన్న డేటాను అది పొరపాటున ఊడ్చేసే బగ్ ఉంటే, ఒకరి దగ్గర వచ్చి ఇంకొకరి దగ్గర రాదు. 'జీజీసీ మిన్ ఎక్స్‌పాండ్', 'జీజీసీ మిన్ హీప్‌సైజ్' అనే రెండు పారామీటర్లనూ సున్నా చేస్తే వీలున్న ప్రతిచోటా చెత్తసేకరణ జరుగుతుంది. కంపైల్ నత్తనడక అవుతుంది గానీ బగ్ ప్రతిసారీ వస్తుంది.

బిల్డు సమయంలోనే ఒకసారి ఆగి ఒకసారి ఆగకపోతే, మేక్‌ఫైల్‌లో ఒక ఫైలు ఇంకోదాని మీద ఆధారపడిందని రాయడం మర్చిపోయి ఉంటారు. ఎక్కువ కోర్లున్న మెషిన్‌లో ఆ రెండూ పోటీ పడతాయి. 2022 అక్టోబరులో వచ్చిన గ్నూ మేక్ 4.4లో 'షఫిల్' అనే ఆప్షన్ ఇందుకే పెట్టారు. పనుల వరసను కలిపేస్తుంది, లేదా తిరగేస్తుంది. కలపడానికి వాడిన సంఖ్యను కూడా చెబుతుంది కాబట్టి అదే వరసను మళ్లీ రప్పించుకోవచ్చు.

కోడు మారకపోయినా నడిపితే ఫలితం మారే టెస్టులకు నాకు తెలిసినవాటిలో మంచి ఉదాహరణ 2024 తొలి నెలల్లో జరిగింది. ఉబుంటు కెర్నెళ్లలో అడ్రసులను ఎంత విస్తారంగా జరపాలో చెప్పే 'ఎంమ్యాప్ ఆర్ఎన్‌డీ బిట్స్' విలువను 28 నుంచి 32కు పెంచారు. ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే థ్రెడ్ల మధ్య తప్పులు పట్టే థ్రెడ్ శానిటైజర్ మాత్రం ప్రోగ్రాము మెమరీ కొన్ని నిర్ణీత ప్రాంతాల్లోనే ఉంటుందని నమ్మి కట్టినది. 32 బిట్లు జరిపితే అప్పుడప్పుడు ఆ ప్రాంతాల బయట పడుతుంది. అలా పడినప్పుడు ప్రోగ్రాము మొదలవుతూనే 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ మెమరీ మ్యాపింగ్' అని ఆగిపోతుంది. టెస్టు మారలేదు, కంపైలర్ మారలేదు. కెర్నెల్‌లో ఒక అంకె మారింది. ఎన్నో ప్రాజెక్టుల ఆటోమేటిక్ టెస్టులు ఒకేసారి తడబడ్డాయి. సిస్టమ్ సెట్టింగులో ఆ విలువను మళ్లీ 28 చేస్తే ఆగిపోయేది. తర్వాత శానిటైజర్లే అలాంటప్పుడు ఏఎస్ఎల్ఆర్ ఆపుకుని తమను తాము మళ్లీ మొదలుపెట్టుకోవడం నేర్చుకున్నాయి.

థ్రెడ్ల టెస్టుల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక థ్రెడ్ 'ఇంతసేపు ఆగితే రెండోది పూర్తయి ఉంటుంది' అనుకుంటుంది, లోడు ఎక్కువైన మెషిన్‌లో పూర్తయి ఉండదు. 51 అపాచీ ప్రాజెక్టుల్లో ఇలాంటి ఫెయిళ్లను సరిచేసిన 201 మార్పులను 2014లో పరిశోధకులు పరిశీలించారు. కారణం తేలినవాటిలో సుమారు 45 శాతం ఈ సరిగా ఆగకపోవడం వల్లే. ఇవి కంపైలర్ ప్రాజెక్టులు కావు గానీ, జీసీసీలో ఓపెన్‌ఎంపీ లైబ్రరీ టెస్టులకూ సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలోని థ్రెడ్ టెస్టులకూ అదే జబ్బు అంటుతుంది.

ఎన్నిసార్లు నడిపితే నమ్మాలి

ఫెయిలైన టెస్టును ఆటోమేటిక్‌గా మళ్లీ నడిపి, పాసైతే పాసని రాసుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఎల్ఎల్‌వీఎం టెస్టులను నడిపే లిట్‌లోనూ అలా అనుమతించే సౌకర్యం ఉంది. దాన్ని పూర్తిగా తప్పనను. 2016లో గూగుల్ ఇంజనీర్లు చెప్పిన లెక్క ప్రకారం వాళ్ల టెస్టుల్లో సుమారు 16 శాతంలో ఎంతో కొంత ఈ నిలకడలేనితనం ఉంది. పాస్ నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతంలో ఇలాంటి టెస్టే ఉంది. అంత పెద్ద సంస్థ రోజువారీ పని ఆగకూడదంటే మళ్లీ నడపక తప్పదు. కంపైలర్ విషయంలో మాత్రం నేను గట్టిగా పట్టుబడతాను. మళ్లీ నడిపి పాసైనదాన్ని వేరే పేరుతో రాయాలి, మొదటి ఫెయిల్ లాగ్ ఉంచాలి. లిట్ కూడా అలాంటిదాన్ని మామూలు పాస్‌లో కలపకుండా 'ఫ్లేకీ పాస్' అని విడిగా చూపిస్తుంది.

మనవైపు రొయ్యల చెరువులున్నవాళ్లకు ఈ లెక్క తేలిగ్గా తెలుస్తుంది. చెక్ ట్రే పైకి లాగితే తెల్లమచ్చ రొయ్య ఒక్కటి కనపడినా చెరువుకు జబ్బు తగిలినట్టే. ట్రే శుభ్రంగా వచ్చిందని మాత్రం చెరువు బాగుందనలేం, ఎన్ని ట్రేలు ఎన్నిసార్లు చూశామన్నది లెక్క. ఒక్క ఫెయిల్ బగ్ ఉందని తేలుస్తుంది, ఒక్క పాస్ ఏమీ తేల్చదు. ఇరవైకి ఒకసారి ఫెయిలయ్యే టెస్టును పదిసార్లు నడిపితే పదీ పాసయ్యే అవకాశం నూటికి 60. ఇరవైసార్లు నడిపినా 36. బగ్ పోయిందని నూటికి 95 పాళ్ల నమ్మకంతో అనాలంటే వరసగా 59 పాస్‌లు కావాలి. గుర్తుంచుకోవడానికి సులువైన సూత్రం: ఎన్నిటికి ఒకసారి ఫెయిలవుతుందో దానికి మూడు రెట్లు.

బగ్ ఏ మార్పుతో వచ్చిందో వెతికే గిట్ బైసెక్ట్‌లో ఇది ఇంకా కీలకం. వెయ్యి కమిట్లలో (నమోదైన మార్పుల్లో) వెతకాలంటే పది మెట్లు. సగటున ఐదు మెట్ల మీద చెడ్డ కమిట్ తగులుతుంది. వాటిలో ఏ ఒక్కదాన్ని మంచిదని పొరపడినా అక్కడినుంచి దారి మొత్తం తప్పు. మెట్టుకు 59సార్లు నడిపితే ఆ ఐదింట్లో ఎక్కడో ఒకచోట పొరపడే అవకాశం నూటికి 22, 23 దాకా ఉంటుంది. మెట్టుకు 90సార్లు నడిపితే అది నూటికి 5కు దిగుతుంది. అందుకే బైసెక్ట్ మొదలుపెట్టే ముందు కుదిపే పద్ధతితో ఫెయిల్ రేటును పెంచుకోవడం మేలు. రెండుకు ఒకసారి ఫెయిలయ్యేలా చేసుకుంటే మెట్టుకు ఏడుసార్లు నడిపినా ఒక్కో మెట్టు మీద పొరపాటు నూటికి ఒకటి లోపే. స్క్రిప్టులో మొదటి ఫెయిల్ రాగానే ఆగి 'చెడ్డది' అనాలి, బిల్డే కాకపోతే 125 అనే కోడు తిరిగివ్వాలి, అప్పుడు గిట్ ఆ కమిట్‌ను దాటవేస్తుంది.

రిపోర్టు రాసేటప్పుడు "అప్పుడప్పుడు ఫెయిలవుతోంది" అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. ఎన్నిసార్లు నడిపితే ఎన్ని ఫెయిలయ్యాయి, ఏఎస్ఎల్ఆర్ ఆపితే ఎన్ని, ఒకే పని చొప్పున నడిపితే ఎన్ని అన్న మూడు అంకెలు రాయండి. కమిట్ గుర్తు, కాన్ఫిగర్ లైను, ప్రాసెసర్ మోడల్, ర్యామ్, కెర్నెల్ వెర్షన్, మెమ్‌టెస్ట్ నడిపారా లేదా, ఆ టైములో డీమెసేజ్ ఏమంది రాయండి. తేడా వచ్చిన రెండు అసెంబ్లీ ఫైళ్లనూ, అవి రావడానికి వాడిన కమాండునూ, ప్రీప్రాసెస్ చేసిన సోర్సునూ జతచేయండి. ఎవరో దాన్ని సరిచేసి ప్యాచ్ పంపాక, మీ మెషిన్‌లో ఏ కుదుపుకు అది ప్రతిసారీ ఫెయిలైందో అదే కుదుపు పెట్టి నడిపి చూసి, ఆ ఫలితాన్ని కూడా అక్కడే రాయండి.